కొండమలుపు చేప

బుధవారం పొద్దున్నే కళ్లజోళ్ల షాపాయన దవడ పట్టుకుని మూలుగుతూ లేచాడు. పన్ను పీకించుకోవాలనీ, డాక్టరు దగ్గర జనం ఎక్కువనీ, సాయంత్రానికి గానీ రాలేననీ భార్యకు చెప్పాడు. నిజానికి పన్ను భేషుగ్గా ఉంది. నాలుగు రోజుల వాన ఆగాక కొండమలుపు దగ్గర నది తేటపడింది. ఆ నీళ్లు పలచటి టీ రంగుకు వచ్చేది ఏడాదికి రెండు మూడు రోజులే, పెద్ద చేపలు గాలానికి వచ్చేదీ అప్పుడే. అక్కడ బండ కింద కాపురమున్న ఒక పెద్ద చేప మూడేళ్లుగా ఆయనకి కునుకు పట్టనివ్వడం లేదు.

పోనీ, పట్టి తింటాడా అంటే అదీ లేదు. ఏ చేప పడ్డా తూచి, మురిసిపోయి, మళ్లీ నీళ్లలో వదిలేస్తాడు. ఈ పిచ్చి చూడలేకే పోయిన నెల అత్తగారు గాలం కర్రను అటకెక్కించింది. ఆయన దాన్ని పిల్లిలా దించుకుని, పెరటి దారిన జారుకున్నాడు.

పదింటికల్లా నడుంలోతు నీళ్లలో ఉన్నాడు. తుంపరకు అద్దాలు మసకేస్తున్నాయని కళ్లజోడు తీసి, గట్టు మీద చొక్కా, చెప్పుల పక్కనే పెట్టి, మలుపు దాటి బండ వైపు నడిచాడు. చేప కంటికి కనపడక్కర్లేదు, దారం మీద వేలుంటే చాలు.

ఇంటి దగ్గర భార్యకు జాలి పుట్టింది. పన్ను పీకాక ఏం తింటాడని పలచగా జావ కాచి, తల్లిని వెంటబెట్టుకుని పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లింది.

"మీవారా? ఇవాళ రాలేదే!" అన్నాడు డాక్టరు.

షాపు పక్కనున్న మంగలిని అడిగితే, "నది వైపు వెళ్లారమ్మా. సంచిలోంచి పొడుగ్గా ఏదో కనపడింది" అన్నాడు.

"పద, ఆ కర్ర మోకాలికేసి విరిచేస్తాను" అంది అత్తగారు.

గట్టు మీద చొక్కా, చెప్పులు, కళ్లజోడు కనిపించాయి. మనిషి లేడు. భార్య కోపం అక్కడికక్కడే చల్లారిపోయింది.

"అమ్మా! అద్దాలు లేకపోతే ఆయనకి గుమ్మం కూడా కనపడదే!"

ఫోను వెళ్లింది. ఫైరింజను వచ్చింది. యూనిఫారాలు వేసుకున్న నలుగురు తాళ్లతో దిగి మలుపు దాటి పరిగెత్తారు. ఆడవాళ్లిద్దరూ వాళ్ల వెనకాలే.

సరిగ్గా అప్పుడే చేప గాలం అందుకుంది. దారం చుట్టిన చక్రం కీచుమంది, కర్ర విల్లులా వంగింది, షాపాయన దాన్ని రెండు చేతులా బిగించి పట్టుకున్నాడు. ఆ ఆనందంలో తలెత్తి చూస్తే, గట్టు మీద మసగ్గా యూనిఫారాలు! నది కాపలావాళ్లనుకున్నాడు. ఆయన చేపలు పట్టే అనుమతి కాగితం గడువు తీరి రెండు నెలలైంది.

"కాగితం ఇంట్లోనే ఉంది! బీరువాలో!" అని అరిచి, రెండడుగులు లోతుకు జరిగాడు.

భార్య గొల్లుమంది. "వీలునామా రాసి పెట్టారే అమ్మా!"

"ఎవరి పేరున రాశాడో అడుగు" అంది అత్తగారు, కళ్లొత్తుకుంటూనే.

"చేతులు చాపండి సార్! తాడేస్తున్నాం!"

"చేతులు ఖాళీ లేవు! వదిలితే పోతుంది!"

"మీ ప్రాణం పోతుంది సార్!"

"దాని సంగతి తర్వాత చూద్దాం!"

తాడు నడుముకు పడింది. బస్తాను లాగినట్టు లాక్కొచ్చి గట్టునేశారు. కర్ర మాత్రం వదల్లేదు. తాడు బిగిసి ఊపిరాడక, చివరికి ఎదురుగా ఉన్న మసక మనిషి చేతిలో దాన్ని పెట్టి, "గట్టిగా పట్టుకోండి! అది లాగితే దారం ఇవ్వండి, ఆగితే చుట్టండి!" అన్నాడు.

ఆ మసక మనిషి అత్తగారు.

ఆవిడ నిజంగానే విరిచేద్దామని మోకాలెత్తింది. ఈలోగా అవతలనుంచి చేప ఒక్క గుంజు గుంజింది. ఆవిడ ముఖం మారిపోయింది. "ఓహో, నాతోనా?" అంటూ రాళ్లలో కాళ్లు తన్నిపట్టింది. ఇరవై నిమిషాలు ఇచ్చింది, చుట్టింది, తిట్టింది, బుజ్జగించింది. ఫైరింజనువాళ్లు ఇద్దరు ఆవిడ నీళ్లలో పడకుండా నడుం పట్టుకున్నారు. ఆఖరికి బంగారు పొలుసులతో వెలిగించిన దీపంలా చేప ఒడ్డుకొచ్చింది.

భార్య అందించిన కళ్లజోడు పెట్టుకుని షాపాయన చూశాడు. అదే చేప.

"ఇక... వదిలెయ్యాలి అత్తయ్యగారూ" అన్నాడు భయంభయంగా.

ఆవిడ వాదించలేదు. పసిబిడ్డకు స్నానం చేయించినట్టు చేపను నీళ్లలో పట్టుకుని, అది తోక విదిలించాక వదిలింది. అది పోయినవైపే చూస్తూ ఉండిపోయింది.

"ఏమయ్యా, ఇంతకన్నా పెద్దవి కూడా ఉంటాయా?" అంది.

ఇప్పుడు కర్ర ఆవిడ మంచం పక్కనే ఉంటోంది. ఫైరింజనువాళ్లు తీసిన ఫోటో పెద్దది చేయించి షాపులో తగిలించారు. అందులో అత్తగారూ, చేపా నిండుగా పడ్డారు. అల్లుడిది మోచెయ్యి పడింది.