తూర్పు తలుపు

ఆ ఆదివారం పొద్దున సామ్రాజ్యం వేసుకున్న పథకంలో పెద్ద విశేషమేమీ లేదు. ఎండెక్కకముందే వంట ముగించాలి. చెడిపోయేవన్నీ రిఫ్రిజిరేటర్లో పెట్టాలి. మధ్యాహ్నం మద్రాసు వ్యాపారులు వచ్చాక చల్లటి పెరుగుతో భోజనం పెట్టాలి. రెండోసారి పొయ్యి వెలిగించకూడదు. సత్తెనపల్లిలో మే నెల మధ్యాహ్నం పొయ్యి ముందు కూర్చున్నవాళ్లకి తప్ప ఆ చివరి మాట విలువ తెలియదు.

ఆవిడ భర్త కోటిలింగానికి మిర్చి కమీషన్ కొట్టు ఉంది. ఏ పూట ఎవరిని భోజనానికి వెంటబెట్టుకొస్తాడో ఆయనకే తెలియదు. పొద్దున వండినది ఎండకి పులిసిపోవడం, ఆవిడ కళ్లు తుడుచుకుంటూ మళ్లీ పొయ్యి రాజెయ్యడం పెళ్లయిన దగ్గర నుంచీ జరుగుతున్నదే. అందుకే గుంటూరులో పొగాకు కొనే అమెరికా దొర ఒకాయన దేశం వెళ్లిపోతూ సామాన్లు అమ్ముతున్నాడని తెలియగానే ఆవిడ భర్తతో తనూ బయల్దేరింది. అక్కడ రెండు రిఫ్రిజిరేటర్లున్నాయి. చిన్నది, ఒక తలుపుది చాలన్నాడు కోటిలింగం. సామ్రాజ్యం మాత్రం పక్కపక్కనే రెండు తలుపులు, మధ్యలో గోడ ఉన్న పెద్దదాని దగ్గర నుంచి కదల్లేదు.

"రెండు తలుపులెందుకే? మన వంటింటి గుమ్మంలో కూడా పట్టదది!"

"మీ అమ్మగారు మడి కట్టుకుని తలుపు తీశారనుకోండి, నేను ముట్టకూడదు. నేను ముట్టానా, ఇంక ఆవిడ దాని మొహం చూడరు. రెండుంటే ఎవరి తలుపు వాళ్లది."

కోటిలింగం పెద్దదానికే డబ్బు లెక్కపెట్టాడు. దొరగారి వంటమనిషి ఏసోబు ఆ రెండు తలుపుల చల్లబీరువా గురించి ఆయనకి ఏదో వివరంగా చెప్పాడు. కోటిలింగం తల ఊపుతూనే ఉన్నాడు కానీ, చెవులు మాత్రం కిరాయి పెంచుతున్న లారీ డ్రైవరు దగ్గరున్నాయి.

శనివారం సాయంత్రం బీరువా ఇంటికొచ్చింది. గుమ్మంలో పట్టలేదు. వంటింటి బయట వసారాలో దక్షిణపు గోడకి నిలబెట్టారు. కరెంటు పనిచేసే గౌస్ బాషా తీగలు కలిపి, "అమ్మగారూ, పొద్దుటికి చల్లబడుద్ది" అని చెప్పి వెళ్లిపోయాడు. అత్తగారు వెంకాయమ్మ దాని చుట్టూ పసుపునీళ్లు చల్లి, దొర అందులో ఏమేం దాచాడోనని తలుచుకుని, ఇంకోసారి చల్లింది. తరవాత రెండు తలుపులకీ మధ్య నేల మీద ముగ్గుతో గీత గీసింది.

"తూర్పు తలుపు నాది. పడమటిది నీది. ఈ గీత దాటావంటే ఊరుకోను."

"అట్లాగే అత్తయ్యా."

"ఇంకో మాట. రేపు వచ్చేవాళ్లకి నా చేతి పెరుగు వడ్డించాలి. నీ బీరువా దాన్ని చెడగొట్టిందా, ఎల్లుండి పొద్దుటికి ఇది మిర్చి కొట్లో గోనెసంచులు దాచుకోడానికి పోద్ది. వీడు నా కొడుకు, నా మాట కాదనడు."

కోటిలింగం కాదనలేదు. సామ్రాజ్యం మాత్రం నిబ్బరంగానే, "మీ పెరుగుకేం కాదత్తయ్యా" అంది.

తెల్లవారింది. వెంకాయమ్మ స్నానం చేసి, తడిచీర కట్టుకుని, తన తలుపు తీసింది. రాత్రి లోపల పెట్టిన పెరుగుగిన్నెలో గరిటె పెట్టింది. గరిటె టంగుమంది. ఇంకొంచెం గట్టిగా గుచ్చింది. గరిటె వంగింది. పెరుగు వంగలేదు. పాలగిన్నె కదిపి చూసింది. లోపల బండరాయి. గారెలకని రుబ్బి పెట్టుకున్న పిండి గిన్నెలోంచి ముద్దగా ఊడి వచ్చి, నేల మీద పడి, చెక్కు చెదరకుండా ముగ్గుగీత దాటి పడమటి వైపు దొర్లింది.

"ఏమే! నా వైపు ఏం చేశావే?"

సామ్రాజ్యం పరిగెత్తుకొచ్చింది. ఆ కంగారులో చెయ్యి వెళ్లి తూర్పు తలుపు మీద పడింది. వెంకాయమ్మ మడి పోయింది. ఆవిడ మళ్లీ నూతి దగ్గరికి వెళ్లి నాలుగు చేదలు పోసుకుని వచ్చేసరికి, సగం గడ్డం గీసుకున్న కోటిలింగం గిన్నె చేత్తో పట్టుకుని వేళ్లతో తట్టి చూస్తున్నాడు.

"ఒరేయ్! ముట్టుకున్నావా?"

"పెరుగేనా అని చూశానమ్మా."

ఆవిడ మళ్లీ నూతికి నడిచింది. ఈసారి కొడుకుని కూడా లాక్కుపోయింది. అంతలో పక్కింటి పేరమ్మ గోడ మీద నుంచి తల పెట్టింది.

"వెంకాయమ్మొదినా, పొద్దున్నుంచీ అన్ని స్నానాలేంటి? ఎవరన్నా పోయారా?"

"పెరుగు పోయిందే పేరమ్మా! రాయైపోయింది!"

పేరమ్మ వీధి గుమ్మం చుట్టూ తిరిగి రావడం కూడా దండగనుకుని గోడే దిగి వచ్చింది. గిన్నె ఎత్తి చూసింది. పిండిముద్ద చూసింది. బీరువాని పైనుంచి కిందదాకా చూసి, అంతవరకూ ఎవరికీ తట్టని సందేహం బయటపెట్టింది.

"తలుపులంటే రెండు. ఇనప పెట్టె మాత్రం ఒకటేగా వొదినా? మీ కోడలు పడమటిది ముట్టుకుంటే తూర్పుది ముట్టుకున్నట్టా, కాదా?"

నిన్న సాయంత్రం నుంచీ ఇంటిల్లిపాదీ మైలపడి ఉన్నారని వెంకాయమ్మకి అప్పుడే అర్థమైంది. మరుక్షణం ఇంట్లో అందరూ నూతి దగ్గరున్నారు. సామ్రాజ్యం, కోటిలింగం, ఏ పాపం ఎరగని పాలేరు రంగయ్య. గిన్నె ముట్టుకున్నందుకు పేరమ్మకి కూడా రెండు చేదలు పడ్డాయి. ఆ తొందరలో చేంతాడు తెగి బొక్కెన నూతిలో పడింది.

"ఇంక చాలు. రేపటిదాకా ఎందుకు? సాయంత్రమే పంపించెయ్యి దీన్ని" అంది వెంకాయమ్మ.

సామ్రాజ్యానికి ఏడుపొచ్చింది. ఏడిస్తే పెరుగు కరగదని తెలిసి మానేసింది. "అత్తయ్యా, ఎండలో పెడితే కరుగుద్దేమో. భోజనాల వేళకి మామూలు పెరుగైతే ఉంచుతారా?"

వెంకాయమ్మ గిన్నె ఓసారి కదిపి చూసింది. "ముందు కరగనీ" అంది.

డాబా మీద, వచ్చే వ్యాపారులు చూడ్డానికని ఆరబోసిన మిరపకాయలున్నాయి. వాటి పక్కన పెరుగుగిన్నె పెట్టారు. కాకులు రాకుండా వెంకాయమ్మ పచ్చడిబండ చేత్తో పట్టుకుని కాపలా కూర్చుంది. కాళ్లు కాలుతుంటే ఒకటెత్తి ఒకటి దించుతోంది. సామ్రాజ్యం ఆవిడ మీద గొడుగు పట్టి, ముట్టుకోకుండా దూరంగా నిలబడింది.

సరిగ్గా అప్పుడే, చెప్పిన వేళకి చాలా ముందుగా, మద్రాసు వ్యాపారి చలమయ్యశెట్టిగారు తన మనుషులతో దిగాడు. ఇంటిల్లిపాదీ తడిబట్టలతో ఉండటం చూసి, ఇవాళ ఏదో పర్వదినమనుకుని వసారాలోని బీరువాకి కూడా ఓ దణ్ణం పెట్టి, "ముందు సరుకు చూద్దాం" అంటూ సూటిగా డాబా ఎక్కాడు. ముప్ఫై ఏళ్లుగా మిరపకాయ కొరికే కొంటున్నాడాయన. ఏ కాయా తన కంట నీరు తెప్పించలేదని ఆయనకో గొప్ప. ఒకటి కాదని రెండు కాయలు కలిపి కసుక్కున కొరికాడు.

మొదట ముక్కు ఎర్రబడింది. తరవాత చెవులు. కళ్లమ్మట నీళ్లు కారాయి. తరవాత ఆయన డాబా మీద గుండ్రంగా పరిగెత్తడం మొదలుపెట్టాడు.

"నీళ్లు!" అన్నాడు కోటిలింగం. బొక్కెన నూతిలో ఉంది.

"పెరుగు... పెరుగమ్మా!" అని ఎక్కిళ్ల మధ్య అరిచాడు చలమయ్యశెట్టి. పెరుగు ఆయన కళ్లెదుటే ఉంది. రాయిలా ఉంది.

సామ్రాజ్యం గొడుగు అవతల పారేసింది. రెండు చేతులా గిన్నె గట్టిగా పట్టుకుని, "కొట్టండత్తయ్యా!" అంది.

"నా మడి..."

"మనిషి పోతున్నాడు. కొట్టండి!"

వెంకాయమ్మ ఒక్క క్షణం కోడలి వేళ్లకేసి చూసింది. తరవాత పచ్చడిబండ ఎత్తి ఒక్క దెబ్బ వేసింది. పెరుగు పెళుసుగా పగిలింది. పెద్ద ముక్క ఒకటి తీసి, స్వయంగా తన చేత్తోనే శెట్టిగారి నోట్లో కుక్కింది.

శెట్టిగారి చెవులు మామూలు రంగుకొచ్చాయి. కళ్లు మూతలుపడ్డాయి. ముక్క ఒక బుగ్గ నుంచి ఇంకో బుగ్గకి జరిగింది.

"అమ్మా, ఇంత వయసొచ్చింది. ఇలాంటి పెరుగు తినలేదు" అన్నాడు చివరికి. "ఇంకో ముక్క ఉందా?"

"మంట తగ్గిందిగా శెట్టిగారూ?" అంది వెంకాయమ్మ.

ఆయన ఇంకో మిరపకాయ తీసి కొరికి, నోరు తెరిచి నిలబడ్డాడు.

ఆ రోజు గారెలు లేవు. ఎవరూ అడగనూ లేదు. పాలరాయిని చితక్కొట్టి, పంచదార, ఏలకులు కలిపి గిన్నెల్లో ఇస్తే శెట్టిగారూ, ఆయన మనుషులూ చెంచాలతో గోకి గోకి తిన్నారు. తనని ఏడిపించిన సరుకు మరొకడి చేతిలో పడకూడదని శెట్టిగారు డాబా మీదదే కాక కొట్లో ఉన్నదంతా కూడా తనకే ఉంచమన్నాడు. పొయ్యి రెండోసారి వెలగలేదు.

సాయంత్రం వసారాలో గాలికి కూర్చున్నప్పుడు కోటిలింగానికి ఏదో గుర్తొచ్చింది.

"అన్నట్టు, ఆ ఏసోబు చెప్పాడే... ఎడం చేతి తలుపు ఐసులా గడ్డకట్టించేదట. మామూలు వస్తువులు కుడి వైపు పెట్టుకోవాలట."

ఎడం చేతి తలుపంటే తూర్పుది. అత్తాకోడళ్లిద్దరూ ఆయనకేసి చూశారు. ఆయన లేచి, పని లేకపోయినా కొట్టుకి వెళ్లిపోయాడు.

సామ్రాజ్యం నవ్వు ఆపుకుంటూ అడిగింది. "అయితే అత్తయ్యా, తలుపులు మార్చుకుందామా? లేకపోతే కొట్టుకే పంపించేద్దామా?"

వెంకాయమ్మ కొంగు సర్దుకుంది. చెరిగిపోయిన ముగ్గుగీతని మళ్లీ శ్రద్ధగా దిద్దింది.

"పంపించడానికి అదేమన్నా నీ ఒక్కదాని సొత్తా? మార్చుకోడం ఎందుకే? తూర్పు నాదని నిన్ననే చెప్పాను."

ఆ ఎండాకాలమంతా ఆ ఇంటికి ఐసుముక్క కోసం వచ్చిన ప్రతివాడూ ముందు నూతి దగ్గర స్నానం చేశాడు.