ఒకటో తారీఖులోగా ఆరడుగులు

ఆ గురువారం ఉదయం ఆర్బిన్ స్లోన్ పెట్టుకున్న పని ఒక్కటే: బ్యాంకులో ఎక్కువైన రెండు వందల నలభై డాలర్లు వదిలించుకోవడం. రంపపు మిల్లులో నడుం విరిగిన నాటి నుంచి ప్రభుత్వమిచ్చే వికలాంగుల భృతే అతనికి ఆధారం. శనివారం, ఒకటో తారీఖున, ఖాతాలో రెండు వేలు దాటి ఉంటే ఆ నెల భృతి రాదు.

"దేనికి ఖర్చు పెట్టమంటావమ్మా?" అని భృతి ఆఫీసుకు ఫోన్ చేసి అడిగాడు.

"సమాధి స్థలం కొనుక్కోండి సార్. అది లెక్కలోకి రాదు," అంది అక్కడి గుమాస్తా.

కొండమీది శ్మశానంలో కాపలాదారు జూబల్ రసీదు రాస్తూ, "అంత తొందరేమొచ్చింది?" అన్నాడు.

"శనివారం దాకా ఆగితే కుదరదు."

మధ్యాహ్నానికి ఆ మాట జూబల్ నోట ఊరంతా పాకి, ఆర్బిన్ గుమ్మంలో పరామర్శగా నాలుగు గిన్నెల కోడికూర చేరింది. తొమ్మిదేళ్ల క్రితం అరువు తీసుకున్న రంపాన్ని పక్కింటి కర్టిస్ తిరిగి తెచ్చిచ్చి, కళ్లు తుడుచుకున్నాడు. తల్లి అంత్యక్రియల నాటి నుంచి పదకొండేళ్లుగా మాట్లాడని అక్క మెల్వా, రెండు గంటలు కారు నడుపుకుంటూ వచ్చేసింది.

"చెప్పకుండానే పోదామనుకున్నావట్రా?"

"నేనెక్కడికీ పోవడం లేదక్కా. డబ్బు ఎక్కువైంది, అంతే."

మెల్వా అతని నుదుటి మీద చెయ్యి వేసి, కర్టిస్ వైపు తిరిగింది. "మాట తేడా వచ్చేసింది. వీడికి డబ్బు ఎక్కువవడమేంటి!"

రాత్రి భోజనాలు పెట్టి చర్చివాళ్లు చందాలు పోగు చేశారు. పాస్టరు టాకెట్ రెండు వేల డాలర్ల కవరు తెచ్చాడు. "నీ అంత్యక్రియలకు, నాయనా."

ఆర్బిన్ చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. "ముట్టుకుంటే నా భృతి పోతుంది పాస్టరుగారూ! నేను చావడం లేదు. వెనక్కిచ్చేయండి."

"ఎలాగయ్యా? అందరూ ఏడ్చి మరీ ఇచ్చారు."

శుక్రవారం ఆఫీసు తెరవగానే ఆర్బిన్ మళ్లీ ఫోన్ చేశాడు. గుమాస్తా ఈసారీ తడుముకోలేదు. "తోడబుట్టినవాళ్లకీ, వాళ్ల జీవిత భాగస్వాములకీ కొన్న సమాధి స్థలాలు కూడా లెక్కలోకి రావు. మీ చేతికివ్వకుండా చర్చివాళ్లనే కొనిపెట్టమనండి."

ఒక అక్క, నలుగురు తమ్ముళ్లు, వాళ్ల జీవిత భాగస్వాముల్లో ముగ్గురు. చర్చివాళ్లు ఆ రెండు వేలతో ఆర్బిన్ పేరున మొత్తం ఎనిమిది స్థలాలు కొన్నారు.

"నాకెందుకురా ఇప్పుడు?" అని మెల్వా అరిచింది.

"నీది నా పక్కనే కొనిపించానక్కా. ఇంక మాట్లాడకుండా ఎన్నాళ్లుంటావో చూస్తాను."

మెల్వా నవ్వు ఆపుకోలేక కొంగులా ఏప్రన్ నోటికి అడ్డం పెట్టుకుని, ఆ వారమంతా అక్కడే ఉండిపోయింది.

భృతి ఆగలేదు. ప్రభుత్వం లెక్కలో ఆర్బిన్ ఇప్పటికీ నిరుపేదే. శ్మశానంలో మాత్రం అతన్ని మించిన భూస్వామి లేడు.