చేతికివ్వకూడని కత్తి

అడవిలో మనిషికి మిగిలే ఒకే ఒక్క బంధువు కత్తి! ఈ మహావాక్యాన్ని మా అశ్వత్థనారాయణ మామ హిందూపురంలో, తన చీరల కొట్టు పరుపు మీద బాసింపట్టు వేసుకుని సెలవిచ్చాడు. ఆయన అరణ్య చేతికత్తుల రసిక సంఘానికి అధ్యక్షుడు. ప్రసాద్, సాయికృష్ణ సభ్యులు. ఇద్దరివీ పక్క కొట్లే. ముగ్గురూ కత్తులను ప్రత్యేకంగా చేతిపనితో చేయించుకున్నారు. ఇంతవరకూ ఏ కత్తీ నిమ్మకాయనైనా కోసిన పాపాన పోలేదు. పదును పోతుందట!

ఆదివారం కత్తుల గ్రైండ్‌ను, అంటే సాన పట్టిన తీరును, పోల్చి చూడడానికి సంఘం పెనుకొండ కొండెక్కింది. కాలేజీ కోసం మామ ఇంట్లో ఉంటున్నాను కాబట్టి చిత్రాన్నం క్యారియరూ, మామ కత్తి ఉన్న పెట్టే నా చేతికొచ్చాయి. నలుగురిలో నాకు నోరు పెగలదు. అందుకే నన్నెవరూ లెక్కలోకి తీసుకోరు. అది నాకూ హాయే.

"నాది హాలో గ్రైండ్! పక్కలు లోపలికి గుంతపడి ఉండాయి సూడు. గడ్డం గీసుకోవచ్చు," అన్నాడు ప్రసాద్.

"గీసుకుంటివా ఎప్పుడన్నా?" అన్నాడు సాయికృష్ణ. "నాది ఫ్లాట్. వెన్ను నుంచి అంచుదాకా తిన్నగా దిగుతాది."

"రెండూ పిల్లలాటలేనప్పా! నాది కాన్వెక్స్. పక్కలు ఉబ్బుగా ఉండాయి. కట్టెలు చీల్చినా అంచు పోదు," అని మామ పొట్ట నిమురుకున్నాడు. పొట్టదీ అదే గ్రైండ్! "ఇంగోటి. అడవిలో మూఢనమ్మకాలు పనికిరావు. ధైర్యం, సైన్సు, అంతే!"

అంటూ సెల్ఫీ కోసం ఒక అడుగు వెనక్కి వేసి, రెండు బండల సందులోకి జారాడు. కాళ్లు ఒక రాతి అంచు మీద ఆనాయి. కానీ వీపుసంచి ఒక వేరుకు చిక్కి, దాని పట్టీ గొంతుకు బిగుసుకుంది. పైనుంచి మా చేతులు ఆయన చేతిదాకా అందుతాయి, పట్టీదాకా అందవు.

"కత్తియ్యండప్పా! ఊపిరాడల్యా!"

ప్రసాద్ బోర్లా పడుకుని కత్తి చాచాడు. చటుక్కున వెనక్కి లాక్కున్నాడు.

"చేతికిస్తే మనకు మనకు జగడమొస్తాది కదప్పా! కింద పెడతా, తీసుకో."

మామ ముఖం నల్లబడుతోంది. "అవునవును... కింద పెట్టు!"

ఏటవాలు బండ మీద పెట్టగానే హాలో గ్రైండ్ జారి, దిగువన నాగజెముడు పొదలో పడింది. సాయికృష్ణ కూడా అంతే భక్తిగా ఫ్లాట్‌ను పెట్టాడు. అది ఇంకా తిన్నగా జారింది!

నేను పెట్టె తెరిచి, మామ కత్తి పిడిని ఆయన అరచేతికి ఆనించాను.

"పట్టుకో మామా." ఆ రోజు నా మొదటి మాట అదే.

"వద్దు అమూల్యా... కింద..." మిగతా మాటను పట్టీ మింగేసింది. చేయి మాత్రం కత్తిని పట్టుకుంది. కాన్వెక్స్ పుట్టి బుద్ధెరిగి మొదటిసారి ఒకదాన్ని, ఆ పట్టీని, కోసింది! ముగ్గురం చేతులు పట్టి మామను పైకి లాగాం.

సాయంత్రం కొట్లో సభ. జారడం, చిక్కుకోవడం అంతా మామే రెండింతలు చేసి చెప్పాడు. "నేను మూఢనమ్మకాలు పెట్టుకొనింటే ఈపొద్దు నా ఫోటోకు దండేసుంటారు!" చప్పట్లు మోగాయి.

ధర్మవరం నుంచి చీరలు తెచ్చిన ఓబులేసు అడిగాడు. "ఇంతకీ కత్తి నీ చేతికి ఎవురిచ్చిరప్పా?"

మామ నా వైపు ఉరిమి చూశాడు. "ఎవురూ ఇయ్యల్యా! బండ మింద ఉండె, తీసుకుంటి."

సభ ఊపిరి పీల్చుకుంది.

"ఏదీ, ఒకసారి ఇయ్యి, చూస్తాం," అన్నాడు ఓబులేసు.

మామ కత్తిని ఒరలోంచి వీరుడిలా దూసి, పైకెత్తి అందరికీ చూపి, మెల్లగా వంగి, ఓబులేసు ముందు నేల మీద పెట్టాడు.

ఆనాటి నుంచి మామ నాతో మాట్లాడడం లేదు. చేతికి కత్తిస్తే జగడం వస్తుందన్నది మూఢనమ్మకమని ఎవరైనా అంటే, నేను ఒప్పుకోను!