బాషా చూసిన మబ్బు

ఆ గురువారం గౌస్ బాషా పథకంలో మూడే పనులున్నాయి. ఆరున్నరకు గుంటూరులో బయల్దేరడం, పెదనందిపాడు దాటాక మిర్చి కల్లాల మీద డ్రోన్ ఎగరేయడం, సాయంత్రం ఐదులోపు ఒక ఫొటో పంపడం. మిర్చి ఎగుమతి కంపెనీ ఒకటి తన ఉగాది క్యాలెండర్ అట్టకు ఫొటోలు అడిగింది. ఆ రోజే గడువు. నిరుడు అట్ట మీద వచ్చింది కోటేష్ తీసిన ఫొటో.

కోటేష్‌కు డ్రోన్ ఎగరేయడం నేర్పింది బాషాయే. బాషా తన ఫొటోలు ఒకసారి చూసుకుంటాడు, కోటేష్‌వి నాలుగుసార్లు చూస్తాడు. నాలుగోసారికి ఏదో ఒక లోపం దొరుకుతుంది, అప్పుడు నిద్రపడుతుంది. నిరుటి అట్టలో మాత్రం ఇంతవరకూ దొరకలేదు. ఆ క్యాలెండర్‌ను ఇంట్లోకి రానివ్వలేదు.

"తిథులు చూసేది మనం కాదుగా" అన్నాడు భార్య కరీమున్‌తో.

"గ్యాస్ బండ ఎప్పుడొచ్చిందో రాసుకోవద్దా?" అంది ఆమె.

ఎనిమిదికి రోడ్డు పక్కన బండి ఆపి డ్రోన్ లేపాడు. స్క్రీన్ మీద కల్లాలు ఎర్రగా కనిపించాయి. మంచు ఇంకా విడలేదు. పది నిమిషాలాగి తీద్దామనుకున్నాడు. ఈలోపు కల్లం యజమాని యలమందయ్య వచ్చాడు.

"ఏందయ్యా, ఫొటోలు తీస్తన్నావా? పోయినేడు కోటేష్ ఇట్టాగే తీశాడు. మా ఊరి అల్లుడే."

అవునంటే ఐదు నిమిషాల్లో కోటేష్‌కు తెలిసిపోతుంది.

"ఫొటోలు కాదండీ. మబ్బులు చూస్తున్నా" అన్నాడు బాషా.

"ఏ ఆఫీసు?"

"ఆఫీసు కాదండీ. సొంతంగా."

యలమందయ్యకు నమ్మకం కుదిరింది. ఆఫీసు చెప్పిన వాన ఆ ఊళ్లో ఎప్పుడూ పడలేదు.

"వానుందా, లేదా?"

"ఇప్పుడే చెప్పలేం."

యలమందయ్య కల్లం వైపు తిరిగాడు. "ఒసే, పట్టలు కప్పండే! కాయ తడిస్తే కొనేవాడుండడు!" అని అరిచి, ఫోన్ తీసి బావమరిదికి చెప్పాడు. బావమరిది ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టాడు.

స్క్రీన్ మీద ఒక కల్లం నీలం రంగుకు మారింది. తర్వాత పక్కది. ఐదు నిమిషాల్లో పదకొండు కల్లాల మీదికి టార్పాలిన్ పట్టలు వచ్చాయి. బాషా ఇంకా బటన్ నొక్కలేదు. డ్రోన్ దింపి కల్లంలోకి పరుగెత్తాడు.

"వాన లేదండీ! పట్టలు తియ్యండి!"

"ఇందాక చెప్పలేమన్నావు?"

"ఇప్పుడు చెప్తున్నా. లేదు."

యలమందయ్య అతన్ని కిందికీ పైకీ చూశాడు. "నిన్నెవడన్నా దళారి పంపాడా? కాయ తడిపిచ్చి చవగ్గా కొట్టేద్దామనా?"

బాషా పక్క ఊరికి వెళ్లాడు. కబురు అతనికంటే ముందే వెళ్లింది. దారిలో వాన వడగళ్లయింది. అక్కడా అంతా నీలమే.

పదకొండుకు తిరిగొచ్చి, పట్టల మధ్య నిలబడ్డాడు. మంచు విడిపోయింది. ఆకాశంలో మబ్బు తునక లేదు.

"ఒక్క కల్లం తియ్యండి చాలు. పది నిమిషాలు" అని రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. ఎవరూ కదల్లేదు. అప్పుడు నెత్తి మీద డ్రోన్ శబ్దం వినిపించింది. చేతులు దించకుండానే పైకి చూశాడు. అతని డ్రోన్ సంచిలో ఉంది.

"అన్నా! నువ్విక్కడా?" గట్టు మీద కోటేష్, చేతిలో రిమోట్. "ఎవడో డ్రోనోడు తుఫానని చెప్పాడంట. మా మావ ఫోన్ చేస్తే పట్టలు కప్పడానికొచ్చా. పైనుంచి చూస్తే భలే ఉందన్నా. ఎర్ర అంచు నీలం చీరలు ఆరేసినట్టు. నువ్వూ తీశావా?"

"మనకెందుకులేరా అట్టాంటివి" అన్నాడు బాషా.

ఐదింటికి పాత పత్తి చేను ఫొటో ఒకటి పంపాడు.

ఉగాదికి నాలుగు రోజుల ముందు కరీమున్ క్యాలెండర్ తెచ్చి హాల్లో మేకుకు తగిలించింది. అట్ట నిండా నీలం పట్టలు, మధ్యలో చేతులెత్తి పైకి చూస్తున్న మనిషి. కింద రెండు లైన్లున్నాయి. 'వాన వద్దని వేడుకుంటున్న రైతు. ఫొటో: కోటేష్.'

"రంజానుకు నేను కొన్న చొక్కానే కదండీ ఇది?" అంది కరీమున్.

బాషా ఆ అట్టను నాలుగుసార్లు చూశాడు. ఈసారి లోపం దొరికింది. మధ్యలో ఆ మనిషి ఉండకూడదు.