కొంగ డాక్టరు, కోతి చెయ్యి

ఒక పెద్ద అడవి సముద్రం కనబడగానే ఆగిపోయింది. ఆ ఒడ్డున అడవిపంది వరహాలరావుగారికి తెరచాప పడవ ఒకటి ఉండేది. అడవిలోని తేనె ఎదుటి దీవికి చేరవేయడం ఆయన వ్యాపారం. కళాసీలంతా కోతులే. తెరకొయ్య ఎక్కడానికి వాళ్లకంటే తగినవాళ్లు ఎవరుంటారు?

ఆ అడవిలో ఒక చట్టం ఉంది. పడవ పనిలో అవిటివాడైన కళాసీకి, వాడు బతికినంతకాలం, యజమాని ఒక పనసచెట్టు వదిలెయ్యాలి. పనస మొదట్లోనే కాస్తుంది కాబట్టి ఎక్కలేనివాడు కూడా కూర్చుని తినొచ్చు. చాలా మంచి చట్టం. అప్పటిదాకా ఎవరికీ ఒక్క తొన కూడా పెట్టలేదు.

ఒకనాడు గాలివానలో తెరచాప తాడు తెగి, కొయ్య మీద పడి సింహాద్రి అనే కోతి కుడిభుజం నలిగిపోయింది. ఆనాటినుంచి ఆ చెయ్యి వేలాడుతోందే తప్ప కొమ్మ పట్టుకోదు. కొమ్మ అందని కోతికి ఇల్లెలా గడుస్తుంది? ఇంట్లో భార్య పైడితల్లి, ఆమె వీపున ఒక పిల్ల, పొట్టన ఒక పిల్ల.

చట్టం ప్రకారం ముందు కంపెనీ డాక్టరు చూడాలి. ఆయన కొంగ. రోగుల్ని మడుగులో ఒంటికాలి మీద నిలబడే చూసేవాడు.

"చెయ్యి లేవట్లేదు బాబూ," అన్నాడు సింహాద్రి.

"రెండోది లేస్తోందిగా?"

"లేస్తోందండి."

"నన్ను చూడు. పొద్దస్తమానం ఒక్క కాలి మీదే ఉద్యోగం చేస్తున్నాను. రెండో కాలు నాకు అదనం. నీకు రెండో చెయ్యీ అంతే. నిక్షేపంలా ఉన్నావు, వెళ్లు."

పైడితల్లికి ఒళ్లు మండి కేసు వేసింది. జడ్జి అడవిదున్న. వాదనలన్నీ ఓపిగ్గా విని, "నెమరువేసి చెబుతాను," అని కళ్లు మూసుకునేవాడు. ఆ నెమరు ఎప్పటికీ పూర్తయ్యేది కాదు.

"బాగున్నాడంటున్నారు కదండీ, మరి పడవెక్కించుకోండి," అని పైడితల్లి కోర్టులోనే నిలదీసింది.

"ఆ చేత్తోనా? పడవ ముంచేస్తాడమ్మా," అన్నాడు వరహాలరావు.

"పనసచెట్టు విషయంలో బాగున్నాడు, పడవ విషయంలో బాగాలేడు," అని కొంగ వివరించాడు. చదువుకున్నవాళ్లకి ఇలాంటివి తేలిగ్గా అర్థమవుతాయి.

జడ్జి నెమరు మొదలెట్టాడు.

వెనక కూర్చున్న కళాసీలు ఇదంతా విన్నారు. రేపు తాడు తెగితే తమ గతీ ఇదేనని వాళ్లకి భయం పట్టుకుంది. మర్నాడు వరహాలరావు తేనెకుండలతో తనే పడవెక్కాడు. కళాసీలు లంగరెత్తారు, కానీ అందరూ ఎడమచేత్తోనే. కుడిచేతులు ఒళ్లో పెట్టుకున్నారు. తెరచాప సగం లేచి ఆగింది. పడవ నడిసముద్రంలో గానుగెద్దులా గుండ్రంగా తిరగసాగింది. వరహాలరావు తెరకొయ్యని కరుచుకున్నాడు.

"ఆ రెండో చెయ్యి కూడా వెయ్యండ్రా," అని మూలిగాడు.

"అది అదనమని డాక్టరుగారు చెప్పారు కదండీ," అన్నాడు కళాసీల పెద్ద. "అదనపు చేతిని కష్టపెట్టడం ఎందుకని ఊరుకున్నాం."

చివరికి అలలే జాలిపడి పడవని ఒడ్డుకి నెట్టాయి. కుండలన్నీ పగిలాయి. వరహాలరావు ఒళ్లంతా తేనెతో, వెంట ఈగలతో సరాసరి కోర్టుకి పరిగెత్తాడు.

"అయ్యా, కళాసీ అన్నవాడు రెండు చేతులా పనిచెయ్యాలని ఇప్పుడే తీర్పివ్వండి. ఒంటిచేత్తో పడవ నడవదు. ఒట్టు."

జడ్జి నెమరు ఆపాడు. కోర్టులో అలాంటిది ఎవరూ చూసి ఎరగరు.

"అంటే, ఒక చెయ్యి పడిపోయినవాడు కళాసీగా పనికిరాడంటావు?"

"ముమ్మాటికీ పనికిరాడు."

"అయితే పనసచెట్టు సింహాద్రిది," అని జడ్జి మళ్లీ కళ్లు మూసుకున్నాడు.

ఆ సాయంత్రం సింహాద్రి చెట్టు మొదట్లో కూర్చుని ఎడమచేత్తో తొనలు తీసి పిల్లలకి పెట్టాడు. పైడితల్లి ఆ వేలాడే చెయ్యి చూసి కాసేపు ఏడ్చి, తర్వాత తనూ తింది.

నీతి: ఒక చెయ్యి పడిపోయిందని యజమానికి తెలియాలంటే, బాగున్న చేతులన్నీ కాసేపు ఊరుకోవాలి.