బుధవారం నాటి క్వాలిటీ మేనేజర్

బుధవారం ఉదయానికి ఓట్మార్ కేహెలే వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎనిమిదింటికి కొత్త క్వాలిటీ మేనేజర్ వస్తుంది. ఎనిమిదీ పదికల్లా ఆమెకు రోగం చెప్పాలి. సాయంత్రానికి ఆమె మందు చెప్పాలి. గురువారం ఆడిటర్ గేటు దాటే వేళకు ఫ్యాక్టరీ కడిగిన ముత్యంలా ఉండాలి.

రోగం సంగతి మా లోయలో అందరికీ తెలిసిందే. కేహెలే కుటుంబం మూడు తరాలుగా బేకరీ పొయ్యిల తలుపులకు మడతబందులు చేస్తోంది. వాళ్ళ బందు వేసిన తలుపు తాత చేతి నుంచి మనవడి చేతికి వచ్చినా కిర్రుమనదని పేరు. అలాంటిది, రెండేళ్ళుగా తలుపులు ఒక పక్కకు వాలుతున్నాయని ఫిర్యాదులు మొదలయ్యాయి. చేసిన బందుల్లో మూడింట రెండు వంతులు కొనే పొయ్యిల కంపెనీ, గురువారం తమ ఆడిటర్ వస్తారనీ, తలుపు ఎందుకు వాలుతోందో ఆ రోజు కూడా చెప్పలేకపోతే ఇక వేరే చోటు చూసుకుంటామనీ ఉత్తరం రాసింది. నలభై ఒక్కమంది పనివాళ్ళు ఆ ఉత్తరం మీద బతుకుతున్నారు. గోరుచుట్టు మీద రోకటిపోటులా, ఫ్యాక్టరీ సొంత క్వాలిటీ మేనేజర్ గుంటర్ ఆదివారం ఆపిల్ చెట్టెక్కి, బుట్టతో సహా కిందికి వచ్చాడు. భుజం విరిగింది. మూడు నెలలు మంచం.

కేహెలే ఏజెన్సీకి ఫోన్ చేసి తాత్కాలికంగా ఎవరినైనా పంపమన్నాడు. ఒకావిడ ఉంది, ముప్ఫై ఏళ్ళ అనుభవం అని వాళ్ళు అనగానే సరేనని పెట్టేశాడు. పేరు అడగలేదు. ఫోన్‌లో అంతకంటే ఎక్కువ మాట్లాడటం మా వాళ్ళకు చేతకాదు. పొగడటమూ చేతకాదు. మా దగ్గర తిట్టకపోతే అదే పొగడ్త, "ఫరవాలేదు" అంటే సన్మానం. కేహెలే తండ్రి కొడుకుని జన్మలో ఒక్కసారే ఫరవాలేదన్నాడు. ఆ తేదీ కేహెలేకి ఇప్పటికీ గుర్తే.

ఇంకో ఆచారం కూడా చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. మా దగ్గర పనిలో కొత్తగా చేరినవాళ్ళు మొదటిరోజు ఖాళీ చేతులతో రాకూడదు. అందరికీ తినడానికి ఏదో ఒకటి తేవాలి. ముడివేసిన తాడులా ఉండే బ్రెట్జెల్ రొట్టెలను మధ్యకు కోసి, వెన్న దట్టంగా రాసి తెస్తే మరీ మర్యాద. అది తేనివాడు పదేళ్ళు పనిచేసినా కొత్తవాడే.

ఎనిమిదికి అయిదు నిమిషాలుండగా, వెడల్పాటి బుట్టలో అరవై వెన్న బ్రెట్జెల్‌లు మోసుకుంటూ ఓ లావుపాటి ఆవిడ గేట్లోంచి వచ్చింది. ఆఫీసంతా తన భుజాల మీద నడుస్తోందని నమ్మే హైడ్రున్ కిటికీలోంచి చూసి మురిసిపోయింది. అరవై అంటే మాటలా! పరుగెత్తుకెళ్ళి బుట్ట అందుకుని, "రండి రండి. కేహెలే గారు మీకోసమే కాచుకుని ఉన్నారు" అంది.

ఆ వచ్చినావిడ పక్క లోయలో బేకరీ నడిపే రోస్విటా బ్రెండ్లె. ఆ బ్రెట్జెల్‌లు బందులు బిగించే విభాగం మేస్త్రి నెజ్దెత్‌వి. ఫ్యాక్టరీలో చేరి ముప్ఫై ఏళ్ళయిన సందర్భంగా, అందరికీ పంచిపెట్టాలని ఆమె బేకరీకి ఫోన్ చేసి ఆర్డరు ఇచ్చాడు. మా ఊరి బేకరీ పోయిన నెలే మూతపడింది మరి. మామూలుగా అయితే డ్రైవరే తెచ్చి ఇచ్చి పోయేవాడు. కాని ఆర్డరు మీద కేహెలే పేరు చూడగానే రోస్విటా వాడి చేతిలోంచి బండి తాళాలు లాక్కుంది. ఆమె పొయ్యి తలుపు రెండేళ్ళుగా వాలుతోంది. పొయ్యిల కంపెనీకి మూడు ఉత్తరాలు రాస్తే, బందులు మావి కావు, కేహెలేవి అని జవాబొచ్చింది. అందుకని ఆ కేహెలే ఎవడో ముఖాముఖి చూసి కడిగేయాలని వచ్చింది. తీరా వస్తే, మీకోసమే కాచుకున్నారంటున్నారు. తన ఉత్తరాలు చేరాల్సిన చోటికి చేరాయన్నమాట అనుకుని రోస్విటా కొంగు బిగించినంత పని చేసింది.

కేహెలే ఆమె చేయి పట్టుకుని ఊపి, కూర్చోమని కూడా అనకుండా విషయంలోకి దిగాడు.

"తలుపు వాలుతోంది. మీకు తెలిసే ఉంటుంది."

"తెలియకపోవడమేమిటండీ? నేను వచ్చిందే దానికి."

"ఎందుకు వాలుతోందో మాకు అంతుబట్టడం లేదు. మీ దగ్గర దాచేదేమీ లేదు, అంతా చూపిస్తాను. మొహమాటపడకుండా చెప్పండి."

మొహమాటమన్నది రోస్విటా ఇంటా వంటా లేదు. ఫిర్యాదు చేయడానికి వచ్చినవాళ్ళని ఇంత గౌరవించే ఫ్యాక్టరీ ఉందని మాత్రం ఆమె ఎరగదు. మనసులోనే కేహెలేకి కొన్ని తిట్లు మాఫీ చేసింది. అతను ఆమెకు నక్షాలు చూపించాడు, వాపసు వచ్చిన అరవైమూడు బందులున్న పెట్టె చూపించాడు, గుంటర్ కూడా చూడని సొరుగులు తెరిచాడు. ఆమె ఒక్కో బందూ తీసి, వేలితో గీరి, ఇది ఒక పొయ్యి మీద ఎన్నేళ్ళు పనిచేసిందో, ఆ పొయ్యి దగ్గర మనిషి కుడిచేతివాటమో ఎడమచేతివాటమో చెబుతోంటే కేహెలేకి కళ్ళు తిరిగాయి. ముప్ఫై ఏళ్ళ అనుభవమంటే ఇదీ అనుకున్నాడు.

ఎనిమిదీ నలభైకి, బూడిదరంగు కోటులో, చేతిలో చిన్న లోహపు పెట్టెతో, కర్రలా నిటారుగా ఉన్న ఇంకో ఆవిడ గేటు దాటింది. ఈవిడ మైకె హినరిక్స్, హాంబర్గ్ నుంచి ఏజెన్సీ పంపిన అసలు క్వాలిటీ మేనేజర్. రైలు ఆలస్యమైంది. ఆమెకు గోధుమ పడదు, కాబట్టి హైడ్రున్ బ్రెట్జెల్ ఇవ్వబోతే వద్దని చేయి అడ్డం పెట్టింది. మాటలు తక్కువ వాడే ఉత్తరాది మనిషి, ఆపైన కొత్తచోట మొదటిరోజు నోరు మూసుకుని కళ్ళు తెరిచి ఉంచాలన్నది ఆమె నియమం. గుడ్ మార్నింగ్ అని, అంతా ఒకసారి చూడాలని మాత్రం అంది.

హైడ్రున్ ఆమెను ఎగాదిగా చూసింది. ఖాళీ చేతులు. కొలతల పెట్టె. బ్రెట్జెల్ ముట్టుకోదు. తనిఖీకి వెళ్ళిన చోట చిన్న తినుబండారం కూడా ముట్టుకోని మనుషులు లోకంలో ఒక్క ఆడిటర్లే. అదీగాక చెప్పిన రోజుకి ఒకరోజు ముందే దిగడం వాళ్ళకు సరదా అని ఆమె ఎక్కడో విని ఉంది. పేరు అడగడానికి ధైర్యం చాలలేదు. లోపలికి పరుగెత్తి కేహెలే చెవిలో ఊదింది.

కేహెలే మొహం పిండిలా పాలిపోయింది. "సాయంత్రం దాకా ఆపు. తాతగారి బందు చూపించు, పతకాలు చూపించు, కాంటీన్ చూపించు. వాపసు పెట్టె మాత్రం ఆవిడ కంట పడకూడదు" అన్నాడు.

ఆ పూట ఫ్యాక్టరీలో జరిగిన ఊరేగింపు చూసినవాళ్ళు ఇప్పటికీ మరిచిపోలేదు. ముందు హైడ్రున్, వెనక హినరిక్స్. వాళ్ళకు రెండు గదుల అవతల ఇద్దరు మనుషులు అరవైమూడు బందుల పెట్టెను మోస్తూ పరుగు. వీళ్ళు కాంటీన్‌కి వస్తే పెట్టె బట్టలు మార్చుకునే గదికి పోయింది. అక్కడికి వస్తే మెట్ల కిందికి పోయింది. మెట్ల దగ్గరికి వచ్చేసరికి మోసేవాళ్ళకు చేతులు పడిపోయి, దాని మీద ఒక గుడ్డ కప్పి ఈల వేస్తూ నిలబడ్డారు. హినరిక్స్ ఆ గుడ్డ మీద కూర్చుని, తాపీగా బూటు లేసులు బిగించుకుంది. కింద ఏదో గలగలమంది. ఆమె పుస్తకంలో రాసుకుంది. హైడ్రున్ పన్నెండు పతకాలనూ రెండోసారి వర్ణించడం మొదలుపెట్టింది.

రెండో షెడ్డులో కేహెలే తన ప్రాణంలో ప్రాణమైన పరీక్ష యంత్రాన్ని రోస్విటాకు చూపిస్తున్నాడు. నిజం పొయ్యి తలుపు ఒకటి చట్రానికి బిగించి ఉంది. ఉక్కు చేయి ఒకటి దాని పిడి పట్టుకుని మెల్లగా తెరుస్తుంది, మెల్లగా మూస్తుంది. రెండు లక్షలసార్లు. ఒక్క బందైనా ఇంతవరకు ఓడిపోలేదు. చెబుతున్నప్పుడు కేహెలే ఛాతీ దానంతటదే పొంగింది.

రోస్విటా కాసేపు చూసి, పొట్ట పట్టుకుని నవ్వింది.

"ఎవరి చేయండీ ఇది? దొరగారిదా?"

"అంటే?"

"మా బేకరీలో పొయ్యి తలుపు చేత్తో మూసేవాళ్ళు నాకు ఇంతవరకు కనబడలేదు. రెండు చేతుల్లోనూ రొట్టెలు కాల్చే వేడి రేకులుంటాయి కదా. ఇదిగో, ఇలా" అని రెండు చేతులూ గాల్లోకి ఎత్తి, తలుపు కింది మూలకు నడుముతో ఒక్కటిచ్చింది. చట్రం మొత్తం అదిరింది.

కేహెలే తలుపు వైపు, ఆమె నడుము వైపు, మళ్ళీ తలుపు వైపు చూశాడు. మూడు తరాలుగా బేకరీ తలుపులకు బందులు చేస్తున్న వంశంలో ఒక్కడూ బేకరీలో ఒక పొద్దు నిలబడి చూడలేదు.

"యంత్రం ఆపండి" అన్నాడు. "అందరూ రండి. వరుసలో."

పదకొండున్నరకు హైడ్రున్, చూపించడానికి ఇంకేమీ మిగలక, రెండో షెడ్డు తలుపు తీసింది. లోపల పన్నెండు మంది పెద్దమనుషులు చేతులు పైకెత్తి, వరుసకట్టి, వంతులవారీగా పొయ్యి తలుపును నడుముతో గుద్దుతున్నారు. పక్కన లావుపాటి ఆవిడ లెక్కపెడుతోంది. వరుసలో అందరికంటే ముందు, కోటు విప్పేసి, యజమాని కేహెలే. ఆరువందల పన్నెండో గుద్దుకు కింది బందు కీచుమంది, తలుపు వేలెడు మందం కిందికి జారింది. అందరూ చప్పట్లు కొట్టారు. తమ సరుకు విరిగినందుకు ఆ ఫ్యాక్టరీలో అంతకు ముందెప్పుడూ చప్పట్లు మోగలేదు.

అప్పుడే నెజ్దెత్ ఫోన్ చెవికి ఆనించుకుని వచ్చాడు. పొద్దుటి నుంచి తన బ్రెట్జెల్‌లు రాలేదని బాధపడుతూ, కొత్త మేనేజరమ్మ తెచ్చిన బ్రెట్జెల్‌లు రెండు తిని, చివరికి బేకరీకి ఫోన్ చేసి దులిపేశాడు. "బేకరీ యజమానురాలు తనే స్వయంగా తెచ్చారటండీ, ఏడున్నరకే బయలుదేరారట" అని అతను అంటూంటే, రోస్విటా చేయెత్తి, "అవి నీవేనా నాయనా? పొద్దున్నే ఇచ్చేశాను కదా" అంది.

కేహెలే రోస్విటా వైపు తిరిగాడు. "మీరు క్వాలిటీ మేనేజర్ కాదా?"

"నేను బేకరీ ఆవిడని. మూడు ఉత్తరాలు రాశాను."

"మరి క్వాలిటీ మేనేజర్ ఎవరు?"

"నేను" అంది హినరిక్స్. ఆ ఉదయం ఆమె మాట్లాడిన రెండో మాట అది. "ఎనిమిదీ నలభై నుంచి పనిలో ఉన్నాను. ముప్ఫై ఏళ్ళలో ఇంత బరువైన పెట్టెను ఇంత చురుగ్గా దాచినవాళ్ళను చూడలేదు."

హైడ్రున్ అక్కడే ఉన్న స్టూలు మీద కూలబడింది. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది ఆమె పని. హినరిక్స్ మాత్రం అప్పటికే మోకాళ్ళ మీద కూర్చుని, జారిన బందును కొలుస్తోంది. కింది పిన్ను అర మిల్లీమీటరు సన్నగా ఉంది. పాత నక్షాలో లావు, రెండేళ్ళ కిందటి నక్షాలో సన్నం. చూడడానికి నాజూగ్గా ఉంటుందని అలా మార్చింది ఎవరో నక్షా కింద సంతకమే చెబుతోంది. ఆమె ఆ సంతకం కేహెలేకి చూపించి, పుస్తకం మూసింది. అది అతనిదే. ఆ నాజూకు చూసుకుని అతను రెండేళ్ళుగా మురిసిపోతున్నాడు.

ఆ మధ్యాహ్నమే లావు పిన్నులు కోశారు. నెజ్దెత్ ముప్ఫై ఏళ్ళ పండగ పక్కన పెట్టి బందులు తనే బిగించాడు. సాయంత్రం దాకా నలభై ఒక్కమంది నడుములూ ఆడాయి. నాలుగువేలు దాటినా తలుపు వెంట్రుకంతైనా జారలేదు.

గురువారం అసలు ఆడిటర్ వచ్చాడు. ఫోగ్ట్ అనే బక్కపలచని మనిషి. దాచడాలు చాలని, హినరిక్స్ వాపసు పెట్టె తీసుకొచ్చి అతని ముందే బల్ల మీద పెట్టించింది. పొద్దుటి రొట్టెలు అమ్ముకుని రోస్విటా కూడా వచ్చింది. ఫోగ్ట్ కాగితాలన్నీ చూసి, ఈ నడుము పరీక్ష ఏ ప్రయోగశాల రూపొందించిందని అడిగాడు.

షెడ్డులో అందరూ కేహెలే వైపు చూశారు. అరవై ఒక్కేళ్ళ జీవితంలో తప్పు నాది అన్న మాట అతని నోట విన్నవాళ్ళు లేరు. హైడ్రున్ అతన్ని కాపాడడానికి ఏదో అనబోయింది. అతను చేయెత్తి ఆపాడు.

"పిన్ను సన్నం చేసింది నేను, చెడగొట్టింది నేను. కనిపెట్టింది ఈవిడ. పక్క లోయలో రొట్టెలు చేస్తారు. మా తాత బతికి ఉంటే నన్ను తీసేసి ఈవిడని పెట్టుకునేవాడు."

ఫోగ్ట్ చాలాసేపు రాశాడు. తర్వాత లేచి, కోటు తీసి కుర్చీకి తగిలించి, పరీక్ష యంత్రం తలుపు దగ్గరికెళ్ళి నడుముతో తనూ ఒకటిచ్చాడు. తలుపు మెత్తగా మూసుకుంది. పాత బందులన్నీ మార్చివ్వండి, ఒప్పందం యథాతథం అని చెప్పి, బ్రెట్జెల్ వద్దని వెళ్ళిపోయాడు.

రోస్విటా కూడా కొత్త బందు వేసిన తలుపును అటూ ఇటూ ఊపి చూసింది. వేలితో గీరింది. చెవి ఆనించి విన్నది. కేహెలే పరీక్ష రాసిన పిల్లాడిలా నిలబడ్డాడు.

"ఫరవాలేదు" అంది.

కేహెలే యంత్రం వెనక్కి వెళ్ళి, చాలాసేపు అక్కడ ఏదో మరమ్మతు చేస్తున్నట్టు ఉండిపోయాడు. తర్వాత అక్కడే గోడ మీది క్యాలెండర్లో ఆ తేదీ చుట్టూ గీత గీశాడు.

శుక్రవారం ఉదయం హినరిక్స్ తను తినలేని వెన్న బ్రెట్జెల్‌లు అరవై, రోస్విటా బేకరీలోనే కొని, బుట్టలో పెట్టుకుని గేట్లోంచి వచ్చింది. హైడ్రున్ ఒకటి కొరికి, హాజరు పుస్తకం తెరిచి, తాత్కాలిక క్వాలిటీ మేనేజర్ చేరిన తేదీ శుక్రవారమని రాసింది. బుధవారం గడిలో రోస్విటా బ్రెండ్లె, నాలుగు గంటలు అని అంతకు ముందే రాసి ఉంది.