వెంకయ్య గారి చీటీ

2003 ఫిబ్రవరిలో, బ్రాడీపేటలోని ఒకానొక నర్సింగ్ హోమ్‌లో, ప్రత్తిపాడు వైపు నుంచి వచ్చిన వెంకయ్య అనే యాభై ఎనిమిదేళ్ల మిరప రైతుకు ఏడో నెల అని కంప్యూటర్ నిర్ధారించింది. అదే వారంలో ఆయనకు పాలపళ్లు ఊడాయి, కోరింతదగ్గు వచ్చింది, ఎడమ చెవిలో మిరపగింజ దూరింది. అన్నింటినీ ఆయన నిబ్బరంగా తట్టుకున్నట్టు రికార్డులు చెబుతున్నాయి.

ఈ సంగతి మొదట కనిపెట్టింది స్టాఫ్ నర్సు దేవకుమారి. పన్నెండేళ్లుగా వార్డుల్లో నిలబడి నిలబడి ఆమె పిక్కల్లో నరాలు పొట్లతీగల్లా అల్లుకున్నాయి. కూర్చుని చేసే ఉద్యోగం ఆ ఆసుపత్రి మొత్తానికి ఒక్కటే ఉంది: రికార్డ్స్ ఆఫీసరు. దానికి వైద్య సమాచార శాస్త్రంలో పీజీ డిప్లొమా కావాలన్నారు. ఆమె దూరవిద్యలో చేరి, సెలైన్ సీసా అయ్యేలోగా ఒక పాఠం చొప్పున చదివి, పరీక్షలన్నీ గట్టెక్కింది. ఇక మిగిలింది ప్రాజెక్టు రిపోర్టు మీద ఆసుపత్రి డైరెక్టరు శ్యామ్ సుందర్ గారి సంతకం. నెలాఖరులోగా అది పడకపోతే ఏడాది వృథా అవుతుంది, కుర్చీ డైరెక్టరు గారి బావమరిదికి వెళుతుంది.

కంప్యూటర్ గురించి కూడా చెప్పుకోవాలి. రోగులకు లేని ఏసీ దానికుంది. దుమ్ము పడకుండా మంగళగిరి చీర ముసుగు, నుదుట కుంకుమ. దాని గదిలోకి చెప్పులు విప్పి, కాళ్లు కడుక్కుని వెళ్లాలి. ఆపరేషన్ థియేటరుకు ఆ నియమం లేదు.

దేవకుమారి ఓపీ చీటీలు రాసే గౌస్ బాషాను అడిగింది.

"బాషా గారూ, ఈ వెంకయ్య ఎవరండీ? ఏడో నెలట!"

"చీటీ ఆయనది, కడుపు ఆయన కోడలిది సిస్టర్ గారూ. చీటీ పదిహేను రోజులు చెల్లుద్ది కదా. ఒకళ్లు చూపించుకున్నాక, మళ్లీ ఫీజెందుకని బస్టాండులో ఇంకోళ్ల చేతిలో పెడతారు. గడువైతే అలవాటైన పేరని మళ్లీ ఆయన పేరే రాయించుకుంటారు."

"మీరు పేరు అడగరా?"

"ఎందుకడగనూ! చీటీ మీదున్న పేరే చెప్తారు. మర్యాద తెలిసినోళ్లు."

అలా ఆ పేరుకు కంప్యూటర్ ఇచ్చిన ఒక్క నంబరు మీద నాలుగు వందల పన్నెండు జబ్బులు నమోదయ్యాయి. మనిషికో నంబరు ఇస్తే ఈ పొరపాటు ఉండదని దేవకుమారి ఒక అధ్యాయమంతా రాసి డైరెక్టరు గారి ముందు పెట్టింది.

"పొరపాటా?" అన్నారాయన నొచ్చుకుని. "బెంగళూరు నుంచి తెప్పించిన సాఫ్ట్‌వేరమ్మా! వెంకయ్య తప్పు కావచ్చు గానీ అది కాదు. పైగా ఎల్లుండి ఆయనకి సన్మానం పెట్టుకున్నాం."

సన్మానం ఘనంగానే జరిగింది. "సభాసదులారా! ఊరందరి రోగాలనూ ఒక్క దేహంలో భరించిన త్యాగమూర్తి ఈయన. వైద్య చరిత్ర ఈయన పాదాల దగ్గర మోకరిల్లాలి!" అని డైరెక్టరు గారు శాలువా కప్పారు.

వెంకయ్య శాలువాను రెండు వేళ్లతో పట్టుకుని లేచాడు. "అయ్యా డాక్టరుబాబూ, నాకే జబ్బూ లేదండి. అప్పుడెప్పుడో కాల్లో ముల్లు దిగితే వచ్చానంతే."

డైరెక్టరు గారు దేవకుమారి వైపు వంగి, "మతిమరుపు కూడానమ్మా. కంప్యూటర్లో ఎక్కించు," అన్నారు. ఎక్కించింది. నెలాఖరుకు ఇంకా మూడు రోజులే ఉన్నాయి.

ఆ సాయంత్రమే పొరపాటు అధ్యాయాన్ని చించి, కంప్యూటర్ ఏం చెబుతోందో అదే రాసింది: సదరు గ్రామంలో జనాభా రెండు వేల మూడు వందలు, రోగి ఒక్కడు, తక్కినవారందరూ సంపూర్ణ ఆరోగ్యవంతులు. డైరెక్టరు గారు చదవకుండానే మెచ్చుకుని సంతకం పెట్టారు.

రిపోర్టు ఒక ప్రతి జిల్లా వైద్యశాఖ ఆఫీసుకు వెళ్లింది. వారు వెంటనే స్పందించారు. ఆరోగ్యవంతులకు మందులెందుకని, నెలకోసారి ఆ ఊరికి వచ్చే వైద్య శిబిరం వ్యాను మానిపించి, ఊరి మొదట్లో 'ఆదర్శ ఆరోగ్య గ్రామం' అని బోర్డు నాటించారు. ఊరివాళ్లు బోర్డు నీడలో నిలబడి, బస్సెక్కి, వెంకయ్య గారి చీటీ పట్టుకుని బ్రాడీపేట వచ్చారు.

దేవకుమారికి కుర్చీ దక్కింది. కూర్చున్నంత మాత్రాన పన్నెండేళ్ల నొప్పి దిగిపోతుందా? చూపించుకుందామని కౌంటరుకు వెళ్లింది.

"కొత్తది ఎందుకు సిస్టర్ గారూ," అన్నాడు గౌస్ బాషా ఆప్యాయంగా, ఎవరో మరిచిపోయిన చీటీ చేతిలో పెడుతూ. "దీనికింకా నాలుగు రోజులుంది."

ఆమె ఆ చీటీ అందుకుంది. తర్వాత వెళ్లి చూపించుకుంది. చూపించుకున్నాక కాళ్లు కడుక్కుని, ముసుగు తీసి, తన చేత్తో తనే ఎక్కించింది: వెంకయ్య, పురుషుడు, నర్సు ఉద్యోగంలో ఎక్కువకాలం నిలబడినందువల్ల పిక్కల నొప్పి. కంప్యూటర్ ఏ అభ్యంతరమూ చెప్పలేదు.

జిల్లాలో జబ్బులు బాగా తగ్గాయని ఆ ఏడు పేపర్లో చదివి మీరూ సంతోషించే ఉంటారు. ఆ లెక్క ఇదే. కాకపోతే వెంకయ్య గారిని మాత్రం మనమంతా కాస్త జాగ్రత్తగా చూసుకోవాలి. ఆయనకేమైనా అయితే జబ్బు పడటానికి మనకు వేరే మనిషి లేడు.